పది మీటర్ల గుసగుస

తీగ లేదు, టవర్ లేదు, నెలనెలా బిల్లు లేదు. చెవిలో పాట నుంచి రేషన్ కాటా దాకా, చక్కెర కొలిచే బిళ్ల నుంచి గుండె దగ్గరి పేస్‌మేకర్ దాకా పక్కపక్కనున్న యంత్రాల మధ్య మాటలు నడిపిస్తున్న బ్లూటూత్ కథ ఇది.

నెల మొదటి వారం. రేషన్ దుకాణం ముందు వరస మెల్లగా కదులుతోంది. కార్డుదారు వేలిముద్ర వేయగానే ఈ-పోస్ యంత్రం ఆ కుటుంబానికి రావాల్సిన బియ్యం లెక్క చూపిస్తుంది. డీలరు కాటా మీద సంచి పెట్టి బియ్యం పోస్తాడు. కాటా మీద కనిపించిన అంకె, రెండడుగుల అవతల ఉన్న ఈ-పోస్ తెర మీదికి దానంతటదే వచ్చేస్తుంది. ఆ అంకెను డీలరు కొట్టనక్కర్లేదు, మార్చడానికీ వీల్లేదు. తూకం సరిపోయాకే రసీదు బయటికొస్తుంది. కాటాను ఈ-పోస్‌తో ముడిపెట్టిన దుకాణాల్లో నెలనెలా జరిగే తంతు ఇదే. చాలాచోట్ల ఆ ముడి కంటికి కనిపించదు. అది బ్లూటూత్ వేసిన ముడి.

సరిగ్గా అదే సమయానికి మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే మెట్రో పెట్టెలో సగం మంది చెవుల్లో ఇయర్‌బడ్స్ ఉంటాయి. ఎవరి పాట వాళ్లది, ఒకరిది ఇంకొకరికి వినపడదు. ఎక్కడో ఒక ఇంట్లో అమెరికా నుంచి ఫోన్ చేసిన మనవరాలి గొంతు నేరుగా తాతగారి వినికిడి యంత్రంలోకి చేరుతుంది. ఇంకో ఇంట్లో మధుమేహం ఉన్న పిల్లాడి చేతికి అతికించిన బిళ్ల, పక్కగదిలో ఉన్న తల్లి ఫోన్‌కు చక్కెర లెక్క పంపుతుంది.

ఫోన్ల చరిత్ర చెప్పుకునేటప్పుడు మనం ఎప్పుడూ దూరాల గురించే మాట్లాడుకుంటాం. సముద్రాలు దాటిన కేబుళ్లు, ఆకాశంలో ఉపగ్రహాలు, ఊరికో టవర్. బ్లూటూత్ మాత్రం ఎదురుదిక్కుకు నడిచింది. తనకు పది మీటర్లు చాలని ముందే గిరి గీసుకుంది. ఆ గిరి వల్లే అది చవకైంది, బ్యాటరీని పొదుపుగా వాడింది, పక్కవాడి మాటకు అడ్డం రాకుండా కోట్ల యంత్రాలతో కలిసి ఒకే గాలిలో బతకడం నేర్చుకుంది. ఇప్పుడు ప్రపంచంలో ఏటా దాదాపు 500 కోట్ల బ్లూటూత్ పరికరాలు తయారై బయటికి వస్తున్నాయి.

లుండ్ ఊళ్లో ఒక ఆలోచన

స్వీడన్ దక్షిణపు కొసన ఉన్న లుండ్ చదువుల ఊరు. పాత విశ్వవిద్యాలయం, దాని చుట్టూ ఇంజినీర్లు. ఎరిక్సన్ సంస్థ మొబైల్ ఫోన్ల పరిశోధన అక్కడ జరిగేది. ఫోన్‌కు, చెవికి మధ్య వేలాడే తీగను తీసేయాలన్న ఆలోచనకు 1989లోనే ఆ విభాగం సాంకేతిక అధిపతి నిల్స్ రిడ్‌బెక్ బీజం వేశారు. ఆ ఆలోచనను పని చేయించే బాధ్యత 1994లో యాప్ హార్ట్‌సెన్ అనే డచ్ ఇంజినీరు మీద పడింది. తర్వాత స్వెన్ మాటిసన్ ఆయనకు తోడయ్యారు.

తీగ లేకుండా మాట్లాడుకునే పద్ధతి అప్పటికే ఒకటి ఉంది. టీవీ రిమోట్‌లో ఉండే పరారుణ కిరణాల పద్ధతి అది. దాని ఇబ్బంది రిమోట్ పట్టుకున్న ప్రతివాళ్లకూ తెలుసు. ఎదురుగా గురిపెట్టాలి, మధ్యలో మనిషి నిలబడితే చానల్ మారదు. రెండు ఫోన్లను బల్లమీద ముఖాముఖి పెట్టి, కదిలితే తెగిపోతుందని ఊపిరి బిగబట్టి రింగ్‌టోన్ పంపుకున్న రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. తెలుగు ఊళ్లలో ఆ పద్ధతి ఇంకా పూర్తిగా పోలేదు. కరెంటు బిల్లు తీసే మీటర్ రీడర్ తన పరికరాన్ని మీటర్‌కు దగ్గరగా పెట్టి అంకెలు లాగేది పరారుణ కిరణాలతోనే. మీటర్ గోడకు కదలకుండా ఉంటుంది కాబట్టి అక్కడ ఆ పద్ధతి చక్కగా సరిపోయింది. జేబులో ఫోన్, చెవిలో హెడ్‌సెట్ పెట్టుకుని తిరిగే మనిషికి మాత్రం అది కుదరదు. అందుకే లుండ్ ఇంజినీర్లు రేడియో తరంగాల వైపు వెళ్లారు. రేడియోకు గురి అక్కర్లేదు. జేబులోంచి, సంచిలోంచి, గోడ అవతలి నుంచి కూడా అది వినిపిస్తుంది.

అయితే కొత్త రేడియోకు రెండు షరతులు. ఒకటి, దాని చిప్ కొన్ని డాలర్లకు మించకూడదు. తీగ కంటే మరీ ఖరీదైతే తీగను ఎవరు వదులుకుంటారు? రెండు, అది ఫోన్ బ్యాటరీని తినేయకూడదు. పది మీటర్ల గిరి పుట్టింది ఈ రెండు షరతుల మధ్యే. ఫోన్లలో వాడే మామూలు బ్లూటూత్ రేడియో శక్తి 2.5 మిల్లీవాట్లు. పడకగదిలో రాత్రంతా వెలిగే అర వాట్ ఎల్‌ఈడీ బల్బు వాడే శక్తిలో అది 200వ వంతు. దూరంలోని టవర్‌ను అందుకోవడానికి పాత 2జీ ఫోన్ ఒక్కోసారి రెండు వాట్ల దాకా అరవాల్సి వచ్చేది. పక్కనున్నవాళ్లతో మాట్లాడటానికి గుసగుస చాలు.

పన్ను చచ్చిన రాజు పేరు

ఎరిక్సన్ ఒక్కటే ఈ రేడియోను తన ఫోన్లలో పెట్టుకుని ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది. ఎరిక్సన్ హెడ్‌సెట్ ఎరిక్సన్ ఫోన్‌తోనే మాట్లాడితే కొనేవాడికి ఏం లాభం? ఇంటెల్, నోకియా కూడా ఇలాంటి ప్రయత్నాల్లోనే ఉన్నాయి. ఎవరి భాష వాళ్లు తయారుచేసుకుంటే యంత్రాల ప్రపంచంలో మూడు నాలుగు భాషలు పుట్టి, ఏదీ ఎవరికీ అర్థం కాకుండా పోయేది. అందరికీ ఒకే భాష కావాలని పూనుకున్నవాళ్లలో ఇంటెల్‌కు చెందిన జిమ్ కార్డాక్ ముఖ్యుడు.

1997లో కార్డాక్, మాటిసన్ ఒక సాయంత్రం కూర్చుని చరిత్ర గురించి కబుర్లు చెప్పుకున్నారు. స్వీడిష్ రచయిత ఫ్రాన్స్ బెంగ్ట్‌సన్ వైకింగుల మీద రాసిన నవల ఆ కబుర్లలోకి వచ్చింది. అందులో తారసపడే పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హరాల్డ్. చచ్చిపోయి రంగుమారిన పన్ను వల్ల ఆయనకు నీలిపన్ను (ఇంగ్లిషులో బ్లూటూత్) అనే అర్థం వచ్చే మారుపేరు పడిందంటారు. విడివిడిగా ఉన్న తెగలను ఒక్కటి చేసిన రాజుగా ఆయనకు పేరు. డెన్మార్క్‌లోని యెల్లింగ్ అనే ఊళ్లో హరాల్డ్ నిలబెట్టించిన పెద్ద శాసనరాయి ఇప్పటికీ ఉంది. డెన్మార్క్‌ను, నార్వేను గెలిచానని ఆయన ఆ రాయి మీద చెక్కించుకున్నాడు. 1994లో యునెస్కో అక్కడి శాసనరాళ్లను, దిబ్బలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పోటీ పడే కంపెనీలను కలపబోతున్న పనికి ఈ రాజు పేరు బాగుంటుందని కార్డాక్‌కు తోచింది. అసలు పేరు దొరికేదాకా తాత్కాలికంగా వాడుకుందామని మాత్రమే ఆయన చెప్పారు. తర్వాత అనుకున్న రెండు పేర్లలో ఒకటి అప్పటికే నలుగురి నోళ్లలో నానుతున్న మాట కావడంతో ట్రేడ్‌మార్క్‌గా పనికిరాలేదు. ఇంకోదానికి ట్రేడ్‌మార్క్ వెతుకులాట గడువులోగా పూర్తికాలేదు. అలా తాత్కాలికపు పేరే శాశ్వతమైంది. నీలిరంగు గుర్తు మధ్యలో కోణాలు తిరిగిన తెల్లని ఆకారం ఉంటుంది కదా, అది హరాల్డ్ పేరు, మారుపేరుల మొదటి అక్షరాలు. రూన్ లిపిలో హ, బ అక్షరాలను ఒకదాని మీద ఒకటి పెట్టి కలిపారు. ఒత్తులతో పెరిగిన తెలుగువాళ్లకు దాన్ని సంయుక్తాక్షరమంటే చాలు, వెంటనే అర్థమవుతుంది.

1998లో ఎరిక్సన్, ఇంటెల్, నోకియా, ఐబీఎం, తోషిబా కలిసి ఒక బృందంగా ఏర్పడ్డాయి. ప్రమాణాన్ని ఉమ్మడిగా రాసుకోవాలి, బృందంలో చేరినవాళ్లు దాన్ని రాయల్టీ కట్టకుండా వాడుకోవాలి. అదీ ఒప్పందం. మొదటి ప్రమాణం 1999లో వెలువడింది. ఐదుగురితో మొదలైన ఆ బృందంలో ఇవాళ 40 వేలకు పైగా సంస్థలున్నాయి. ఒక కంపెనీ కాటా, మరో కంపెనీ ఈ-పోస్ ఒకదాని మాట ఒకటి వింటున్నాయంటే కారణం 1998 నాటి ఆ రాజీయే.

79 గళ్ల తొక్కుడుబిళ్ల

బ్లూటూత్ వాడుకునే గాలి దారి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆ పట్టీలో తక్కువ శక్తి రేడియోలు నడపడానికి లైసెన్సు అక్కర్లేదని భారత ప్రభుత్వం 2005లో నిబంధనలు తెచ్చింది. ఇయర్‌ఫోన్ కొన్నవాళ్లను ఎవరూ అనుమతిపత్రం అడగకపోవడానికి అదే ఆధారం. అనుమతి అక్కర్లేని చోట రద్దీ సహజం. ఇంటి వైఫై అక్కడే, పిల్లల రిమోట్ బొమ్మల్లో చాలావాటి సంకేతాలు అక్కడే, వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ నుంచి కొద్దిగా బయటపడే తరంగాలూ అక్కడే. తిరనాళ్లలో మాట్లాడుకోవడం లాంటిదే ఇది కూడా. ఇంత గోలలో పక్కనున్న నేస్తం మాట ఎలా వినపడుతుంది?

జవాబు తొక్కుడుబిళ్ల ఆటలో ఉంది. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న ఆ నేలను ఒక్కో మెగాహెర్ట్జ్ వెడల్పున 79 గళ్లుగా గీశారు. ఫోన్, ఇయర్‌ఫోన్ ఒకే క్షణంలో ఒకే గడిలో కాలు పెడతాయి, ముక్క మాట చెప్పుకుంటాయి, వెంటనే ఇంకో గడిలోకి గెంతుతాయి. సెకనుకు 1600 గెంతులు. కనురెప్ప వాల్చి ఎత్తేలోగా నూటయాభైకి పైగా గళ్లు తిరిగొస్తాయి. ఏ గడి తర్వాత ఏ గడో బయటివాళ్లకు తెలియదు. జట్టుకు నాయకత్వం వహించే యంత్రం చిరునామా, దాని గడియారం కలిసి ఆ వరసను నిర్ణయిస్తాయి. జట్టులో చేరినవాటికే ఆ వరస తెలుస్తుంది. ఒక నాయక యంత్రం కింద ఒకేసారి ఏడు యంత్రాల దాకా చురుగ్గా ఆడొచ్చు. మెట్రో పెట్టెలో పక్కపక్క సీట్లవాళ్ల పాటలు కలగాపులగం కాకపోవడానికి కారణం ఇదే. రెండు జట్లు ఎప్పుడైనా ఒకే గడిలో ఢీకొన్నా ఆ ముక్క ఒక్కటే పోతుంది. మరుక్షణంలో వేరే గడి నుంచి దాన్ని మళ్లీ పంపుకోవచ్చు.

2003లో వచ్చిన 1.2 ప్రమాణం ఈ ఆటకు ఇంకో తెలివి నేర్పింది. వైఫై తిష్ఠ వేసుక్కూర్చున్న గళ్లను గుర్తుపెట్టుకుని, వాటిని దాటేసి గెంతడం అప్పటినుంచి మొదలైంది.

2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు నీళ్లంటే పడదు. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే. అందుకే ఫోన్ ప్యాంటు వెనక జేబులో ఉండి, సంకేతం ఒంటిని చుట్టి రెండో చెవిని చేరాల్సి వచ్చినప్పుడు పాట తడబడుతుంది. గదిలో ఉంటే గోడలకు తగిలి తిరిగొచ్చే తరంగాలు ఆదుకుంటాయి. ఖాళీ మైదానంలో నడిచేటప్పుడు ఆ ఆసరా ఉండదు. పొద్దున్నే గ్రౌండ్‌లో వాకింగ్ చేసేవాళ్లు ఇంట్లో బాగా పనిచేసిన ఇయర్‌ఫోన్ ఇక్కడెందుకు తెగుతోందని విసుక్కుంటుంటారు. ఫోన్‌ను చొక్కా జేబులోకి మారిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

తెర మీది తార చేసిన ఊహ

గళ్లు మారుతూ మాట్లాడుకునే ఆలోచన లుండ్ కంటే చాలా పాతది. ఆ చరిత్రలో ఒక సినిమా తార ఉన్నారు. 1914లో వియన్నాలో పుట్టి హాలీవుడ్‌లో వెలిగిన హెడీ లమార్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రేడియోతో నడిపే టార్పెడోలను శత్రువులు అడ్డుకోకుండా ఉండటానికి ఆవిడ, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి ఒక ఉపాయం ఆలోచించారు. పంపేవాళ్లు, అందుకునేవాళ్లు ఒకే వరసలో పౌనఃపున్యాలు మారుస్తూ పోతే మధ్యలో అడ్డుపడేవాడికి ఏది పట్టుకోవాలో తెలియదు. ఆ వరసను నడపడానికి తనంతట తాను వాయించుకునే పియానోలో వాడే చిల్లుల కాగితపు చుట్టను ఎంచుకున్నారు. పియానోకు 88 మెట్లు. వాళ్ల పథకంలోనూ 88 పౌనఃపున్యాలు.

1942 ఆగస్టులో వాళ్లకు అమెరికా పేటెంట్ వచ్చింది. నౌకాదళం అప్పట్లో దాన్ని వాడలేదు. పేటెంట్ గడువు ముగిసేదాకా వాళ్లకు దాని వల్ల ఏమీ రాలేదు. బ్లూటూత్‌ను హెడీ లమారే కనిపెట్టారన్న ప్రచారం సరైంది కాదు. అయితే ఒక వరస ప్రకారం గెంతుతూ మాట్లాడుకోవచ్చని తొలినాళ్లలోనే ఊహించినవాళ్లలో ఆవిడ ఉన్నారన్నది నిజం. అమెరికాలోని జాతీయ ఆవిష్కర్తల గౌరవ మందిరం 2014లో ఆవిడ పేరు చేర్చుకుంది. ఆ మరుసటి ఏడాది హార్ట్‌సెన్ పేరూ అక్కడికి చేరింది.

హాస్టల్ గదిలో పాటల పంపకం

తెలుగు నేల మీద బ్లూటూత్ ముందుగా అడుగుపెట్టింది కుర్రాళ్ల ఫోన్లతో. డేటా ప్యాక్ అంటే భయపడే ఆ రోజుల్లో కొత్త సినిమా పాటలు ఒకరి ఫోన్లోకి వచ్చాయంటే సాయంత్రానికి హాస్టల్ అంతా పాకేవి. పేరుపక్కన పేరు కనిపించే జాబితాలో స్నేహితుడి ఫోన్ వెతుక్కోవడం, వాడు ఒప్పుకున్నాడా లేదా అని అరిచి అడగడం, గీత నిండేదాకా రెండు ఫోన్లూ పక్కపక్కన కదలకుండా పెట్టి కాచుకోవడం. తొలి ప్రమాణాల వేగం సెకనుకు 700 కిలోబిట్ల పైచిలుకు. ఐదు ఎంబీ పాట దాటడానికి దాదాపు నిమిషం పట్టేది. 2004లో వచ్చిన 2.0 ప్రమాణం ఆ వేగాన్ని దాదాపు మూడింతలు చేసింది.

చెవికి తగిలించుకుంటే నీలం దీపం మినుకుమినుకుమనే ఒంటిచెవి హెడ్‌సెట్లు కూడా అప్పటివే. కారు డ్రైవర్లు, మార్కెటింగ్ ఉద్యోగులు వాటిని పెట్టుకుని మాట్లాడుతుంటే చూసేవాళ్లు, ఈయన తనలో తాను మాట్లాడుకుంటున్నాడేంటని అనుమానపడేవాళ్లు. 2016లో ఆపిల్ ఐఫోన్ 7లో ఇయర్‌ఫోన్ రంధ్రాన్ని తీసేసి, ఆ ఏడాది చివర్లో ఎయిర్‌పాడ్స్ అమ్మడం మొదలుపెట్టాక దృశ్యం మారింది. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. ధరలు వెయ్యి రూపాయల లోపుకు దిగొచ్చాక తీగ ఇయర్‌ఫోన్ల చిక్కులు విప్పుకునే పని చాలామందికి తప్పింది.

నాణెం బ్యాటరీతో నెలల తరబడి

పాట ఆగకుండా పారాలి. రక్తపోటు అంకె, గది ఉష్ణోగ్రత, తలుపు మూసి ఉందా లేదా అన్న సంగతి మాత్రం ఎప్పుడో ఒకసారి చెబితే చాలు. ఇలాంటి చిన్న కబుర్ల కోసం రేడియోను ఎల్లవేళలా మేలుకొలిపి ఉంచడం దండగ. ఈ సంగతి పట్టుకున్న నోకియా 2006లో వైబ్రీ అనే పొదుపు పద్ధతిని బయటపెట్టింది. తర్వాత అది బ్లూటూత్ కుటుంబంలో కలిసిపోయి, 2010 నాటి 4.0 ప్రమాణంలో తక్కువ శక్తి బ్లూటూత్‌గా వచ్చింది. ఇందులో గళ్లు 40కి తగ్గాయి, ఒక్కోటి రెండు మెగాహెర్ట్జ్ వెడల్పు. వాటిలో మూడు గళ్లను ‘నేనున్నాను’ అని చాటింపు వేసుకోవడానికి కేటాయించారు. పరికరం నిద్రలేస్తుంది, చాటింపు వేస్తుంది, చెప్పాల్సింది చెబుతుంది, మళ్లీ పడుకుంటుంది. గడియారంలో వేసే బిళ్ల బ్యాటరీతో ఇలా నెలలు, కొన్ని పరికరాలైతే ఏడాది పైగా నడుస్తాయి.

ఈ పొదుపు ఎవరికి ఎక్కువ మేలు చేసిందంటే, ముందుగా చెప్పాల్సింది రోగుల గురించే. మధుమేహం ఉన్నవాళ్లు చేతికి అతికించుకునే చిన్న బిళ్ల చర్మం కింది ద్రవంలో గ్లూకోజ్‌ను కొన్ని నిమిషాలకోసారి కొలిచి ఫోన్‌కు చెబుతుంది. ఇన్సులిన్ మీద బతికే పసివాళ్ల తల్లులకు దీని విలువ తెలుసు. ఒకప్పుడు అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి, నిద్రపోతున్న బిడ్డ వేలికి సూది గుచ్చి చూడాల్సి వచ్చేది. ఇప్పుడు చక్కెర పడిపోతే దిండు పక్కనున్న ఫోనే మోగి లేపుతుంది. గుండె లయ సరిచేసే పేస్‌మేకర్లలోనూ 2017 నుంచి బ్లూటూత్ ఉన్న రకాలు వచ్చాయి. రోగి ఫోన్ ఆ సమాచారాన్ని ఆస్పత్రికి చేరవేస్తుంది తప్ప పేస్‌మేకర్ పని తీరును మార్చలేదు. ఆ తాళంచెవి డాక్టర్ల దగ్గరే ఉంటుంది.

వినికిడి తగ్గినవాళ్ల కోసం 2020లో మరో అడుగు పడింది. తక్కువ శక్తి పద్ధతిలోనే ధ్వనిని పంపే కొత్త ప్రమాణాన్ని ఆ ఏడాది ప్రకటించారు. అంతకుముందు చాలా ఇయర్‌బడ్స్‌లో ఫోన్ ఒక చెవికి పాట పంపితే, ఆ చెవిలోని బడ్ రెండోదానికి అందించేది. కొత్త పద్ధతిలో ఫోన్ రెండు చెవులకూ విడివిడిగా పంపగలదు. దానికి తోడుగా వచ్చిన ఆరాకాస్ట్‌తో ఒకే చోటి నుంచి ఎంతమందికైనా ధ్వనిని ప్రసారం చేయొచ్చు. పెద్ద హాలులో మైకు గోల మధ్య ప్రవచనం సరిగా అర్థంకాని పెద్దావిడ తన వినికిడి యంత్రంలోనే వక్త గొంతును స్పష్టంగా వినొచ్చు. రైల్వే స్టేషన్‌లో ప్లాట్‌ఫాం మారిందన్న ప్రకటన చెవి దగ్గరే వినిపించొచ్చు. అలాంటి ఏర్పాటు మన సభామందిరాల్లో, స్టేషన్లలో వస్తే వినపడక వెనక వరసలో మౌనంగా కూర్చునే ఎంతోమంది మళ్లీ నలుగురితో కలుస్తారు. అడిగి సాధించుకోవాల్సిన సౌకర్యం ఇది.

దూరాన్ని బట్టి చుట్టరికాలు

కొద్ది దూరాల రేడియోల్లో బ్లూటూత్‌కు చుట్టాలు చాలామంది ఉన్నారు. ఎవరి గిరి వారిది.

ఎన్‌ఎఫ్‌సి: గిరి సుమారు నాలుగు సెంటీమీటర్లు, తరంగం 13.56 మెగాహెర్ట్జ్. తాకినంత దగ్గరికి తెస్తేనే మాట్లాడుతుంది కాబట్టి డబ్బు చెల్లింపులకు అనువైనది. బ్యాంకు కార్డును యంత్రానికి ఆనించి, పిన్ కొట్టకుండా చెల్లించే పరిమితిని రిజర్వ్ బ్యాంకు 2021 జనవరి 1 నుంచి రెండు వేల రూపాయల నుంచి ఐదు వేలకు పెంచింది.

ఫాస్టాగ్: గిరి కొన్ని మీటర్లు. అద్దానికి అతికించిన ఆ స్టిక్కర్‌లో బ్యాటరీ లేదు. టోల్‌గేట్ పైనున్న రీడర్ పంపే తరంగంలోంచే శక్తిని తీసుకుని తన నంబరు చెబుతుంది. 2021 ఫిబ్రవరి మధ్య నుంచి జాతీయ రహదారుల టోల్‌ప్లాజాల్లో తప్పనిసరైంది.

అల్ట్రా వైడ్‌బ్యాండ్: రెప్పపాటు కూడా ఉండని రేడియో తునకలు పంపి, అవి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరాన్ని కొలుస్తుంది. కొన్ని కార్లు తమ యజమాని ఫోన్‌ను గుర్తుపట్టి తలుపు తెరిచేది దీనితోనే.

కొవిడ్ పెట్టిన పరీక్ష

పక్కన ఎవరున్నారో తెలుసుకోవడం బ్లూటూత్‌కు పుట్టుకతో వచ్చిన గుణం. 2020లో మహమ్మారి ముంచుకొచ్చినప్పుడు ప్రభుత్వాల చూపు దాని మీద పడింది ఇందుకే. సింగపూర్ మార్చి 20న ట్రేస్‌టుగెదర్ అనే యాప్‌ను తెచ్చింది. భారత్‌లో ఏప్రిల్ 2న ఆరోగ్యసేతు వచ్చి, నెలన్నర తిరక్కుండానే పది కోట్ల ఫోన్లలోకి చేరింది. ఇద్దరు దగ్గరగా ఉన్నప్పుడు వాళ్ల ఫోన్లు ఒకదాన్నొకటి గుర్తుపెట్టుకుంటాయి. తర్వాత ఒకరికి వ్యాధి బయటపడితే రెండోవాళ్లకు హెచ్చరిక వస్తుంది.

ఆలోచన మంచిదే. ఆచరణలో చిక్కు వచ్చింది. ఎదుటి ఫోన్ సంకేతం ఎంత బలంగా ఉందో చూసి దూరాన్ని అంచనా వేయాలి. ఫోన్ వెనక జేబులో ఉంటే పక్కనే ఉన్నవాళ్లు దూరంగా ఉన్నట్టు కనిపిస్తారు. పల్చటి గోడ అవతల ఉన్న పక్కింటివాళ్లు గదిలోనే ఉన్నట్టు కనిపిస్తారు. మాట వినపడటం వేరు, మాట్లాడేవాళ్లు ఎంత దూరంలో ఉన్నారో కొలవడం వేరు. తమ ప్రయాణాల సమాచారం ఎవరి చేతికి చేరుతోందన్న ప్రశ్నా ప్రజల్లో గట్టిగానే వినిపించింది. ఆపిల్, గూగుల్ ఏప్రిల్ 10న ప్రకటించిన పద్ధతి పేర్లు, ప్రదేశాలు నమోదు చేయకుండా, కలిసినవాళ్ల గుర్తులను ఫోన్లోనే ఉంచే దారి ఎంచుకుంది. దూరాన్ని సరిగ్గా కొలిచే పని ఆగలేదు. 2024 సెప్టెంబరులో వచ్చిన 6.0 ప్రమాణంలో అందుకోసం ప్రత్యేక పద్ధతి చేరింది.

ముడి వేసుకునే ముందు

దగ్గరివాళ్లే కదా అని తలుపు తీసి పెడితే దొంగలూ వస్తారు. 2004లో కనిపించిన కాబిర్ అనే వైరస్ లాంటి సాఫ్ట్‌వేర్ పురుగు, సింబియన్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఫోన్ల మధ్య బ్లూటూత్ మీదే పాకింది. మరుసటి ఏడాది హెల్సింకిలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు చూడటానికి స్టేడియం నిండా చేరిన జనం ఫోన్లలోకి అది వ్యాపించింది. వేల ఫోన్లు పది మీటర్ల దూరాల్లో కిక్కిరిసిన చోటు దానికి కలిసొచ్చింది. 2017లో బయటపడ్డ బ్లూబోర్న్ లోపాలు ఇంకా ప్రమాదకరమైనవి. యజమాని ఏదీ నొక్కకుండానే, బ్లూటూత్ ఆన్‌లో ఉంటే చాలు, పరికరంలోకి చొరబడే వీలు కల్పించాయి.

2020లో సింగపూర్ పరిశోధకులు మరో లోపాల గుత్తిని బయటపెట్టారు. వాటికి స్వెయిన్‌టూత్ అని పేరు పెట్టారు. హరాల్డ్ మీద తిరగబడిన సొంత కొడుకు పేరు స్వెయిన్. కొన్ని వైద్య పరికరాల్లో వాడే చిప్‌లలోనూ ఆ లోపాలుండటంతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది.

మనుషులు చేసే తప్పులు వేరే. 2021 సెప్టెంబరులో రాజస్థాన్‌లో ఉపాధ్యాయ అర్హత పరీక్ష రోజున చెప్పుల్లో బ్లూటూత్ పరికరాలు దాచుకున్న అభ్యర్థులను పోలీసులు పట్టుకున్నారు. అదే ఏడాది పోయిన తాళాలు, సంచులు వెతుక్కోవడానికి వచ్చిన ఎయిర్‌ట్యాగ్‌లను కొందరు ఆడవాళ్ల బ్యాగుల్లో, కార్లలో రహస్యంగా పెట్టి వెంటాడటానికి వాడారు. తెలియని ట్యాగ్ మీతోపాటు తిరుగుతోందని ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ హెచ్చరించే ఉమ్మడి ఏర్పాటు 2024 మేలో వచ్చింది. అలాంటి హెచ్చరిక ఫోన్‌లో కనిపిస్తే తోసిపుచ్చకూడదు. బ్యాగు, కారు సీటు కింద, చక్రాల పై భాగం వెతకాలి. దొరికితే పోలీసులకు చెప్పాలి.

రోజువారీ జాగ్రత్తలు కష్టమైనవేం కావు. ఫోన్‌కు వచ్చే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను వాయిదా వేయొద్దు. పాత లోపాలకు మందు అందులోనే ఉంటుంది. రెండు పరికరాలను కలిపేటప్పుడు తెర మీద ఆరంకెలు కనిపిస్తే రెండుచోట్లా ఒకటేనా అని చూశాకే సరే అనాలి. బస్టాండులో ఉన్నట్టుండి ఎవరిదో తెలియని పరికరం అనుమతి అడిగితే కాదనాలి. అద్దె కారుకు ఫోన్ కలిపితే మన కాంటాక్టులు, కాల్ జాబితా ఆ కారు తెరలోకి వెళ్లే అవకాశముంది. కారు తిరిగిచ్చేముందు అందులోంచి ఫోన్ పేరు తొలగించాలి.

కొంగరకలాన్ నుంచి విదేశాలకు

లుండ్‌లో పుట్టిన ఈ గుసగుసకు ఇప్పుడు తెలుగు నేలలోనూ చిరునామా ఉంది. రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. 2025లో అక్కడ ఎయిర్‌పాడ్స్ తయారీ మొదలైంది, ఎగుమతి కోసం. గ్రాముల బరువుండే ఒక్కో ఇయర్‌బడ్‌లో రేడియో, యాంటెన్నా, మైకు, స్పీకరు, బ్యాటరీ అన్నీ ఇమడాలి. ఒకనాడు తీగ కంటే మరీ ఖరీదు కాకూడదని లుండ్ ఇంజినీర్లు పెట్టుకున్న షరతు, హైదరాబాద్ శివారు కర్మాగారంలో వరసగా కదిలే బల్లల మీద రూపం పోసుకుంటోంది.

మధ్యాహ్నానికి రేషన్ దుకాణం ముందు వరస తరిగిపోయింది. డీలరు ఈ-పోస్‌ను, కాటాను ఆపేసి షట్టరు దించుతాడు. ఆ రెండూ మొదటిసారి కలిసిన రోజున పంచుకున్న రహస్య సంఖ్య రెండింటి జ్ఞాపకంలోనూ అలాగే ఉంటుంది. రేపు పొద్దున మీట నొక్కగానే ఒకటి పిలుస్తుంది, రెండోది ఆ సంఖ్యతో తానేనని రుజువు చేసుకుంటుంది. డీలరు అగరుబత్తి వెలిగించి కుర్చీలో కూర్చునేసరికి కాటా మీది సున్నా ఈ-పోస్ తెర మీద కనిపిస్తుంది.